పేరు చెరిగిన చిప్పులు

ఓ చిన్న పొడుపు కథతో మొదలెడదాం. 1974 నాటి కంప్యూటర్ బోర్డు ఒకటి. దాని మీద 14 కాళ్ల నల్ల చిప్పు. చిప్పు వీపు మీద రెండు వరుసల్లో రెండు సంఖ్యలు: పైన 7421, కింద 7432. పక్కన అక్షరాలేవైనా ఉండుంటే ఎప్పుడో అరిగిపోయాయి. ఈ రెంట్లో ఒకటి చిప్పు పేరు, రెండోది అది తయారైన తేదీ. ఏది పేరు, ఏది తేదీ?

అప్పటి పద్ధతిలో తేదీ అంటే మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండూ వారం. 7421 తేదీ అయితే 1974లో 21వ వారం, అంటే మే నెల. 7432 తేదీ అయితే అదే ఏడాది ఆగస్టు. రెండూ నమ్మదగ్గవే. పోనీ పేర్ల సంగతి చూద్దామా అంటే, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు 1960లలో మొదలెట్టిన 74 వరుసలో 7421 అనేదీ ఉంది, 7432 అనేదీ ఉంది. మొదటి దాంట్లో నాలుగేసి ఇన్‌పుట్ల యాండ్ గేట్లు రెండుంటాయి. రెండో దాంట్లో రెండేసి ఇన్‌పుట్ల ఆర్ గేట్లు నాలుగు. ఒకదాని బదులు ఇంకోటి పెడితే యంత్రం మూలకూర్చుంటుంది. (అదే 7474 అని ఉంటే పేచీయే లేదు. ఏ ఏడాదికీ 74 వారాలుండవు కదా, అది పేరే.)

జవాబు అచ్చులో లేదు, బోర్డు మీద ఉంది. మూడో కాలు ఎక్కడికి పోతోందో చూడాలి. 7432లో మూడో కాలు మొదటి గేటు ఔట్‌పుట్. 7421లో మూడో కాలికి అసలు పనే లేదు, లోపల దేనికీ కలవదు. కాబట్టి మూడో కాలి నుంచి రాగి గీత బయల్దేరి పక్క చిప్పు ఇన్‌పుట్‌కి వెళ్తోందంటే ఇది ఆగస్టులో పుట్టిన 7421 కాదు, మేలో పుట్టిన 7432. తేలిపోయింది.

పాత కంప్యూటర్లు బాగుచేసే వాళ్ల పని సగం ఇలాగే ఉంటుంది. చిప్పు మీద రాసింది ఒక వాంగ్మూలం, అంతే. సాక్షి నిజమే చెప్తుండొచ్చు, సగం చెప్పొచ్చు, కావాలనే అబద్ధం చెప్పొచ్చు. ఈ మూడు రకాలకీ చరిత్ర ఉంది. అందులో రెండోది, అంటే సగం చెప్పడం, నాకు మిగతావాటికన్నా ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది. అబద్ధం చెప్పినవాణ్ణి దొంగ అని ఊరుకోవచ్చు. సగం చెప్పి దాచింది మాత్రం పెద్ద పెద్ద కంపెనీలు.

దాచడం ఎలాగంటే, మన ఇళ్లలో ఒక మనిషికి రెండు పేర్లున్నట్టు. ఇంట్లో చిన్నోడు, రేషన్ కార్డులో వెంకట సత్యనారాయణ. వీధిలోకొచ్చి వెంకట సత్యనారాయణ ఏడీ అని అడిగితే పక్కింటివాడు కూడా చెప్పలేడు. చిప్పుల్లో ఇది తిరగబడింది. లోకానికంతా తెలిసిన పేరు చెరిపేసి, కంపెనీ తన ఇంటి పేరు అచ్చేయించుకునేది. హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్ల పాత పరికరాల్లో 1820-1197 అనే చిప్పు కనిపిస్తుంది. చూడ్డానికి ఎంత గంభీరంగా ఉంది! అది 74ఎల్ఎస్00, బజార్లో చిల్లరకి దొరికే నాండ్ గేటు. ఇందులో మోసం ఉందని నేననను. కొనుగోలు శాఖకి తన జాబితా తనకుంటుంది, ఒకే భాగాన్ని ముగ్గురు తయారీదార్ల దగ్గర కొంటారు, ముగ్గురి పేర్లూ వేర్వేరు, కాబట్టి తమ అంకె తాము వేసుకున్నారు. న్యాయమే. కానీ ఆ అంకెకీ అసలు పేరుకీ మధ్య వంతెన కంపెనీ బీరువాలో ఉన్న ఒక పుస్తకం. కంపెనీ ఉన్నంతకాలం, లేదా ఆ పుస్తకం బయటికి పొక్కేదాకా, బాగుచెయ్యాలంటే వాళ్ల దగ్గరికే పోవాలి.

ఇది మనకి తెలియని బాధేం కాదు. ఐబీఎం యంత్రాల్లో ట్రాన్సిస్టర్ల మీద కూడా ఐబీఎం సొంత అంకెలే ఉండేవి. 1973 నాటి విదేశీ మారక ద్రవ్య చట్టం ప్రకారం ఇక్కడి కంపెనీలో వాటా తగ్గించుకోమంటే ఒప్పుకోక 1978లో ఐబీఎం మన దేశం నుంచి సర్దుకుని వెళ్లిపోయింది. యంత్రాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. వాటి నిర్వహణ ప్రభుత్వ రంగంలోని సీఎంసీ నెత్తిన పడింది. (మన హైదరాబాద్‌లో పరిశోధన కేంద్రం నడిపిన సీఎంసీయే. 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది.) ఆ రోజుల్లో యంత్రం కాపాడాల్సిన ఇంజినీరుకి అంకెల పుస్తకం విలువేమిటో ఊహించుకోండి.

సరే, పుస్తకం లేదు, పేరు లేదు. అప్పుడేం చేస్తారు? నాడి పడతారు.

ప్రతి చిప్పుకీ కరెంటు లోపలికొచ్చే కాలు, నేలకి కలిసే కాలు ఉంటాయి. బోర్డు మీద మల్టీమీటర్‌తో ముందు కనిపెట్టేది ఈ రెంటినే. 74 వరుసలో 14 కాళ్ల చిప్పుకి మామూలుగా 14లో 5 వోల్టులు, 7లో నేల. అలాక్కాకుండా 5వ కాల్లో కరెంటు, 10వ కాల్లో నేల ఉంటే ఆ వరుసలో అలాంటి మొండిఘటాలు కొన్నే ఉన్నాయి: 7490, 7493లాంటి కౌంటర్లు. ఒక్క కొలతతో వందల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని అయిపోయాయి! అలాగే 16 కాళ్ల మెమరీ చిప్పుకి ఒకటో కాల్లో మైనస్ 5, ఎనిమిదిలో 12, తొమ్మిదిలో 5 వోల్టులు వస్తుంటే అది 4116 రకం, 16 కిలోబిట్లది. దాని తర్వాతి తరం 4164కి ఒక్క 5 వోల్టులే చాలు, అదీ ఎనిమిదో కాల్లో. ఈ రెంటినీ తారుమారు చేస్తే ఏమవుతుందో చూశారా? 5 వోల్టులు రావాల్సిన కాల్లోకి 12 వస్తాయి. చిప్పు పోతుంది.

పెద్ద ప్రాసెసర్ల సంగతీ అంతే. 40 కాళ్ల చిప్పుకి మూడు రకాల వోల్టేజీలు వస్తుంటే ముందు ఇంటెల్ 8080ని అనుమానించాలి. 11లో కరెంటు, 29లో నేల అయితే జడ్80. ఎనిమిదిలో కరెంటు, ఒకటిలోనూ 21లోనూ నేల అయితే 6502 లేదా దాని అన్నగారు మోటరోలా 6800. ఇంతవరకూ చిప్పు ఏం చేస్తుందో ఎవరూ అడగలేదు, గమనించండి. ఎక్కడ తింటుందో చూశారంతే.

ఇక నాలాంటి సాఫ్ట్‌వేర్ బాపతు వాళ్లకి నచ్చే పద్ధతి వేరే ఉంది. చిప్పునే అడగడం. ఇప్పటి ప్రాసెసర్లకి సీపీయూఐడీ అని ఒక సూచన ఉంది, ఇస్తే తన పేరు తనే చెప్తుంది. అది 1993లో పెంటియంతోపాటు వచ్చింది, ఆ తర్వాత తయారైన కొన్ని 486ల్లోనూ ఉంది. అంతకుముందు ప్రోగ్రాములు రాసినవాళ్లు ఏం చేసేవాళ్లో తెలుసా? ఒక్కో చిప్పుకీ ఉన్న చిన్న చిన్న చాదస్తాల్ని పట్టుకునేవాళ్లు. 8086లో స్టాక్ పాయింటర్‌ని స్టాక్ మీదకి నెడితే రెండు తగ్గిన విలువ పడుతుంది. 286లో తగ్గకముందు విలువ పడుతుంది. అలా నెట్టి, మళ్లీ తీసి, పోల్చి చూస్తే ఎదురుగా ఉన్నది ఎవరో తెలిసిపోయేది. ఫ్లాగుల రిజిస్టర్లో పై నాలుగు బిట్లు ఎప్పుడూ ఒకట్లే అయితే 8086, రియల్ మోడ్‌లో ఎప్పుడూ సున్నాలే అయితే 286. ఎన్ఈసీ వాళ్ల వీ20 అనే చిప్పు 8088 స్థానంలో చక్కగా కూర్చునేది, ఇంకాస్త వేగంగా పనిచేసేది. దాన్ని పట్టుకోవడానికి ఏఏడీ అనే సూచన వాడేవాళ్లు. ఇంటెల్ చిప్పులో ఆ సూచన రెండో బైటులో ఏ సంఖ్య ఇస్తే దాంతో గుణిస్తుంది. వీ20 ఆ బైటుని పట్టించుకోదు, ఎప్పుడూ పదితోనే గుణిస్తుంది. మారువేషంలో వచ్చినవాణ్ణి యాసతో పట్టుకున్నట్టన్నమాట.

జడ్80కైతే ఎక్కడా రాయని సూచన ఒకటుంది. పోర్టుకి సున్నా పంపేది. పాత ఎన్‌మాస్ రకం సున్నానే పంపుతుంది, తర్వాత వచ్చిన సీమాస్ రకం 255 పంపుతుంది. తయారుచేసినవాళ్లు ఎక్కడా చెప్పని ఈ తేడా ఇవాళ వేలంలో కొన్న చిప్పు అసలుదా, పైన గీకి కొత్త పేరు అచ్చేసిందా అని తేల్చుకోవడానికి పనికొస్తోంది.

జడ్80 పేరెత్తాం కాబట్టి దొంగల సంగతికి వద్దాం. ఎందుకంటే గుర్తు తెలియని చిప్పుని విప్పి చదవడం అనే విద్య పుట్టింది మ్యూజియంలో కాదు, నకలు కొట్టేవాళ్ల దగ్గర. పోటీ కంపెనీ చిప్పు కొని, మూత ఊడదీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి ఫొటోలు తీసి, ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటీ గీసుకుంటే అదే చిప్పు తామూ చేసుకోవచ్చు. తూర్పు జర్మనీలో యూ880 అనే జడ్80 నకలు చేశారు. సోవియట్ యూనియన్లో 8080ఏకి నకలుగా కె580 వరుసలో వీఎం80ఏ అనేది ఉండేది. (సోవియట్ పేర్లకి మాత్రం ఒక పద్ధతుంది, మెచ్చుకోవాలి. 155 వరుస అంటే మన 74 వరుస, ఎల్ఏ3 అంటే రెండేసి ఇన్‌పుట్ల నాండ్ గేట్లు నాలుగు. కె155ఎల్ఏ3 అంటే 7400. పేరులోనే పని ఉంటుంది. ఇంకో తమాషా, వాళ్ల చిప్పుల్లో కాళ్ల మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు, అమెరికా వాళ్లది 2.54. 14 కాళ్ల దాంట్లో తేడా తెలియదు. 40 కాళ్ల చిప్పుని ఎదుటివాడి సాకెట్లో పెట్టబోతే చివరికొచ్చేసరికి ముప్పావు మిల్లీమీటరు తేడా వచ్చి కాళ్లు మొరాయిస్తాయి. పేరు చెరిగిపోయినా ఊరు దాగదు.)

ఫెడెరికో ఫాజిన్ ఇంటెల్‌లో 4004 చేసిన మనిషి. 1971లో ఆ చిప్పు అంచున తన పేరులోని రెండు పొడి అక్షరాలు సిలికాన్‌లోనే చెక్కేశాడు, అవి ఇవాళ్టికీ సూక్ష్మదర్శినిలో కనబడతాయి. తర్వాత 1974లో బయటికొచ్చి జైలాగ్ కంపెనీ పెట్టాడు, 1976లో జడ్80 తెచ్చాడు. దాని గీతలు గీసిన మసతోషి షీమాతో కలిసి నకలుగాళ్ల కోసం చిప్పులో ఉచ్చులు పెట్టించాడు. ఫొటోలో చూస్తే ఒక రకం ట్రాన్సిస్టర్‌లా కనిపిస్తుంది, నిజానికి ఇంకో రకం. చూసింది చూసినట్టు గీసుకున్నవాడి చిప్పు పనిచేయదు, ఎందుకు పనిచేయట్లేదో వాడికి అర్థం కాదు. ఈ ఉచ్చుల వల్ల తమకి ఆరు నెలలు ఆలస్యమైందని ఎన్ఈసీ వాళ్లే ఆ తర్వాత తనతో చెప్పారని షీమా అన్నాడు. ఆలస్యమైనా నకలు రాక మానలేదు: డీ780సీ. 1982లో ఇంగ్లండులో సింక్లెయిర్ వాళ్ల జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ వచ్చినప్పుడు చాలా వాటిలో కూర్చున్నది ఈ డీ780సీయే. ఇక్కడ ముందున్న డీ అక్షరం ఎన్ఈసీది. ఇంటెల్ డీ8085లో డీ అంటే మాత్రం సిరామిక్ పెట్టె. ఒకే అక్షరం, రెండిళ్లలో రెండర్థాలు.

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్లయితే ఉచ్చు పెట్టలేదు, ఉత్తరం రాశారు. 1980లలో చేసిన సీవ్యాక్స్ అనే ప్రాసెసర్ మూలన సిలికాన్ మీద రష్యన్ లిపిలో, వచ్చీరాని రష్యన్‌లో, దొంగిలించాలనుకుంటే అన్నిటికన్నా మంచిదాన్నే దొంగిలిస్తారుగా అనే అర్థం వచ్చేలా ఒక ఎత్తిపొడుపు. చిప్పు విప్పినవాడికి తప్ప ఇంకెవరికీ కనపడని మాట అది. దొంగ కోసమే రాసిన ఉత్తరం!

ఈ గొడవ మధ్యలోనే 1984లో అమెరికా చిప్పుల గీతలకి రక్షణగా ప్రత్యేక చట్టం చేసింది. రక్షణ పదేళ్లు. అప్పట్నుంచీ సిలికాన్ మీద సున్నాలో ఎం అక్షరం, పక్కన సంవత్సరం కనబడతాయి, ఇవాళ తెలియని చిప్పుని గుర్తుపట్టేవాడికి అదో మైలురాయి. నాకు ముఖ్యమనిపించేది అదే చట్టంలో ఉన్న ఇంకో మాట: నేర్పడానికీ పరిశీలించడానికీ విప్పి చూడటం తప్పు కాదు. మన దేశంలో 2000లో వచ్చిన చట్టంలోనూ పరిశోధనకీ బోధనకీ ఇలాంటి మినహాయింపుంది. అంటే దొంగ విద్యకి ఒక సందు తెరిచి ఉంచారు. పాత యంత్రాల వాళ్లు ఇవాళ నడుస్తున్నది ఆ సందులోంచే.

అలా నడిచినవాళ్ల కథల్లో నాకు బాగా ఇష్టమైనది కమొడోర్ 64 లోపల ఉండే 906114-01. ఇది కూడా ఇంటి అంకే. 28 కాళ్ల చిప్పు, యంత్రంలో దీని పని ట్రాఫిక్ కానిస్టేబుల్‌ది: ప్రాసెసర్ ఒక చిరునామా అడిగితే ఆ క్షణాన ర్యామ్ పలకాలా, రామ్ పలకాలా, ఇన్‌పుట్ ఔట్‌పుట్ చిప్పులు పలకాలా అని నిర్ణయించేది. వేడికి ముందు పోయేవాటిలో ఇదొకటి. ఇది పోతే తెర నల్లగా ఉండిపోతుంది, అంతే. తొలి యంత్రాల్లో ఆ అంకె వెనకున్నది సిగ్నెటిక్స్ వాళ్ల 82ఎస్100, ఎవరికి కావల్సిన తర్కం వాళ్లు లోపల కాల్చి నింపుకునే చిప్పు. తర్వాత కమొడోర్ తన సొంత ఫ్యాక్టరీలో అదే పని చేసే చిప్పు తయారుచేసుకుంది. సరే, అసలు పేరు తెలిసింది. అయినా లాభమేంటి? ఖాళీ 82ఎస్100 దొరికినా లోపల ఏం రాయాలో తెలియాలిగా.

ఇన్‌పుట్లు 16, ఔట్‌పుట్లు 8. అంటే ఇవ్వగలిగిన ప్రశ్నలు మొత్తం 65,536. బతికున్న చిప్పు ఒకటి తీసుకుని అన్ని ప్రశ్నలూ వరుసగా అడిగి, జవాబులు రాసుకుంటే సరి. కంప్యూటర్‌కి ఇది చిటికెలో పని. ఆ పట్టిక సరిగ్గా 64 కిలోబైట్ల ఈప్రామ్‌లో ఇమిడిపోతుంది, దానికీ 16 ఇన్‌పుట్లే, 8 ఔట్‌పుట్లే. చాలామంది అలాగే ఈప్రామ్ పెట్టి చూశారు. యంత్రం లేచింది. కొన్ని ఆటలు ఆడాయి, కొన్ని ఆగిపోయాయి. కొన్ని కార్ట్రిడ్జులు పనిచేశాయి, కొన్ని చెయ్యలేదు. ఏమిటీ వింత? పట్టికలో 65,536 జవాబుల్లో ఒక్కటి కూడా తప్పు లేదు!

తేడా జవాబులో లేదు, జవాబు చెప్పే తీరులో ఉంది. అసలు చిప్పు ప్రశ్న మారిన కొద్ది నానోసెకన్లకి జవాబు మారుస్తుంది. ఈప్రామ్ ఇంకాస్త ఆలస్యంగా మారుస్తుంది, పైగా ఒక జవాబు నుంచి ఇంకో జవాబుకి వెళ్లే దారిలో ఒక్క క్షణం తడబడుతుంది. ఆ తడబాటుని మెమరీ చిప్పు ఆజ్ఞ అనుకుంటుంది. 2012లో థామస్ గీజెల్ అనే ఆయన ఈ చిప్పు గుట్టంతా విప్పుతూ పెద్ద పత్రమే రాశాడు, తర్కంతోపాటు కాలం లెక్కలు కూడా కొలిచి. సాఫ్ట్‌వేర్ వాళ్లం మనం ఇన్‌పుట్, ఔట్‌పుట్ సరిపోతే రెండు ఫంక్షన్లూ ఒకటే అంటాం. ఈ చిప్పు దగ్గర ఆ మాట చెల్లలేదు.

అదే యంత్రంలో సంగీతం పలికించే 6581 చిప్పు సంగతి ఇంకో రకం. దాని తర్వాతి రూపం 8580. కాళ్లు ఒకటే, సాకెట్లో కూర్చునే తీరూ ఒకటే. కానీ 6581కి 12 వోల్టులు కావాలి, 8580కి 9 వోల్టులు. పైన పేరు గీకేసి 6581 అని అచ్చేసిన 8580ని నమ్మి పెడితే, మళ్లీ ఎవరూ తయారుచేయని చిప్పు ఒకటి లోకంలో తగ్గిపోతుంది.

అబద్ధాల్లో కొన్ని ముద్దొచ్చేవి కూడా ఉన్నాయి. ఇందాకటి స్పెక్ట్రమ్‌లోనే అదనపు మెమరీకి 32 కిలోబిట్ల చిప్పులు ఎనిమిది వాడారు, టెక్సాస్ వాళ్ల 4532. నిజానికి అలాంటి చిప్పు ఎవరూ తయారుచేయలేదు! అవి 64 కిలోబిట్ల 4164లు, ఒక సగం పాడైపోయినవి. బాగున్న సగం పైదా కిందిదా అన్నది పేరు చివర 3 అనో 4 అనో చెప్పేవాళ్లు. ఎనిమిదీ ఒకే సగం బాగున్నవి ఏరి పెట్టి, బోర్డు మీద ఒక తీగతో ఏ సగమో చెప్పేవాళ్లు. సగం పుచ్చిన వంకాయని కోసి మంచి ముక్క కూరలో వేసుకున్నట్టు. ఆ చివరి అంకె అరిగిపోయిన చిప్పు దొరికిందా, రెండు సగాలూ పరీక్షించుకోవాల్సిందే.

ముద్దు రానివీ ఉన్నాయి. 1990ల మధ్యలో కొన్ని చవక 486 మదర్‌బోర్డుల మీద క్యాష్ మెమరీ చిప్పులుండేవి. చూడ్డానికి అన్నీ సరిగ్గానే ఉంటాయి. విరిస్తే లోపల ఏమీ లేదు, ఉత్త ప్లాస్టిక్! కంప్యూటర్ లేచేటప్పుడు క్యాష్ ఉందని తెర మీద చూపించేలా బయాస్‌ని కూడా మార్చిపెట్టారు. సాక్షి, వకీలు ఇద్దరూ ఒకటైపోయారన్నమాట.

వీటన్నిటికీ తాత లాంటి కేసు 2017లో బయటపడింది. రాబర్ట్ బరూక్ అనే ఆయన 74 వరుసలో ప్రతి చిప్పునీ విప్పి లోపలి ఫొటో తీయాలని పూనుకున్నాడు. అందులో భాగంగా 64 బిట్ల ర్యామ్ చిప్పు ఒకటి విప్పాడు. ఆ ఫొటో కెన్ షిరిఫ్ కంట్లో పడింది. పాత చిప్పుల్ని విప్పి చదవడంలో ఇవాళ పేరున్న మనిషాయన. 64 బిట్ల ర్యామ్ అంటే ఒకే గడి 64 సార్లు వరుసగా కనబడాలి, తేనెపట్టులాగ. ఇందులో అలాంటిదేం లేదు. పైగా కొంత భాగం అనలాగ్ సర్క్యూట్‌లా ఉంది. ర్యామ్‌లో అనలాగ్‌కి ఏం పని? అక్కణ్ణుంచి ట్రాన్సిస్టర్ తర్వాత ట్రాన్సిస్టర్ చదువుకుంటూ పోతే తేలిందేమిటంటే, అది మీటలు నొక్కి నంబరు తిప్పే టెలిఫోన్లలో స్వరాలు పుట్టించే చిప్పు. ఎవరో పనికిరాని టెలిఫోన్ చిప్పుల మీద అరుదైన ర్యామ్ పేరు అచ్చేసి అమ్మేశారు. వీపు మీద తిరుగులేని పేరు, లోపల వేరే ప్రాణి. కడుపు కొయ్యకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

కడుపు కొయ్యడం అంత తేలికేం కాదు. సిరామిక్ పెట్టె అయితే మూత ఎత్తెయ్యొచ్చు. ప్లాస్టిక్ అయితే పొగలు కక్కే నైట్రిక్ ఆమ్లంలో కరిగించాలి. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి, ఊపిరితిత్తులు పోతాయి. సోల్డరింగ్‌కి వాడే రోజిన్‌లో ఉడికించేవాళ్లూ ఉన్నారు. 6502 లోపలి మూడున్నర వేల ట్రాన్సిస్టర్లనీ ఫొటోల్లోంచి ఎత్తిరాసి, గ్రెగ్ జేమ్స్, సిల్వర్‌మన్ సోదరులు 2010లో దాన్ని తెర మీద నడిపించి చూపించారు. మూత తీసిన చిప్పు మళ్లీ యంత్రంలోకి వెళ్లడం అరుదు. ఒక చిప్పు చచ్చి మిగతావాటి పేరు చెప్తుంది. లోకంలో పదే మిగిలిన చిప్పు అయితే ఏది బలివ్వాలి?

ఇదంతా విని, కంపెనీ రహస్యాన్ని విప్పడం ఏం న్యాయం అని అడిగేవాళ్లుంటారు. నా సమాధానం ఒకటే. ఇవాళ ఆ రహస్యం ఎవరిది? కమొడోర్ 1994లో దివాలా తీసింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్‌ని 1998లో కాంపాక్ కొనేసింది, కాంపాక్‌ని ఇంకొకరు. సిగ్నెటిక్స్ ఫిలిప్స్‌లో కరిగిపోయింది. ఇంటి అంకెల పుస్తకం తగలబడిందో, చిత్తుకాగితాల కింద పోయిందో. యజమాని పోయాక కూడా తాళం మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1993లో తెచ్చిన సీపీఎస్-2 ఆటల బోర్డులైతే ఇంకా ఘోరం. ప్రోగ్రామ్ తాళంచెవి బ్యాటరీతో బతికే మెమరీలో పెట్టారు. బ్యాటరీ అయిపోతే తాళంచెవి చెరిగిపోయి బోర్డు తనని తానే చంపుకుంటుంది. కొన్నవాడు డబ్బులిచ్చి కొన్న వస్తువు అది! 2007లో ఆ తాళం లెక్క విప్పినవాళ్లని దొంగలనడానికి నాకు నోరు రావట్లేదు.

మన దగ్గర ఇంకా విప్పనివేం ఉన్నాయంటే, ఉన్నాయి. 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12, 1975లో టీడీసీ-316, 1978లో మైక్రో-78 చేసింది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ మన చిప్పుల ఫ్యాక్టరీ, 1989లో తగలబడింది. 1980ల మధ్యలో స్కూళ్లలో కంప్యూటర్ చదువు కోసం బీబీసీ మైక్రోలు తెప్పించినప్పుడు, వాటిని యూనికార్న్ అనే పేరుతో ఇక్కడ చేసిందీ ఆ సంస్థే. బీబీసీ మైక్రోలో తెర బొమ్మ నడిపించేది ఫెరాంటి కంపెనీ వాళ్ల యూఎల్ఏ, బజార్లో దొరకని సొంత చిప్పు. అలాంటి ఫెరాంటి చిప్పే స్పెక్ట్రమ్‌లోదైతే క్రిస్ స్మిత్ విప్పి చదివి 2010లో ఏకంగా పుస్తకం రాశాడు. మన బోర్డుల విషయంలో మాత్రం పాత సామాన్లవాడికి తూకానికి వేస్తే, కాళ్ల పూతలో ఉన్న కాస్త బంగారం కోసం కాల్చేస్తాడు.

మీ నాన్నగారో మావయ్యగారో ఈసీఐఎల్‌లోనో సీఎంసీలోనో పనిచేసి రిటైరయి ఉంటే, అటక మీద ఒక బోర్డో, చేతిరాతతో చిప్పుల అంకెలు రాసుకున్న నోటుబుక్కో ఉండొచ్చు. ఉంటే ముందు నోటుబుక్కుకి ఫొటోలు తియ్యండి, ప్రతి పేజీకీ. బోర్డు మీంచి ఒక్క చిప్పు కూడా పీకొద్దు. రెండు వైపులా ఫొటో తియ్యండి, వెనక రాగి గీతలు స్పష్టంగా పడాలి. అచ్చు కనపడకపోతే చిప్పు మీద సుద్దముక్క రుద్ది తుడిచి, టార్చి లైటు పక్కనుంచి ఏటవాలుగా వెయ్యండి. రెండో వరుసలోని నాలుగంకెలు కూడా ఫొటోలో పడ్డాయో లేదో ఓసారి చూసుకోండి.